కారం ఏ రంగులో ఉంటుంది

కల్లంలో బస్తాలు కట్టేముందు మా మేనత్త ఒక ఎండుమిరపకాయ తీసి విరిచేది. గింజలు దులిపి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేది. చుట్టూ ఉన్న కూలి ఆడవాళ్లు పని ఆపి ఆవిడ ముఖంలోకి చూసేవాళ్లు. ఆవిడ ఒక్కసారి ‘హుఁ’ అని తల ఊపితే ఆ ఏటి పంట బాగున్నట్టు.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ మేనత్తే. పెళ్లయిన కొద్దికాలానికే ఆవిడ భర్త పోయాడు. పొలం కౌలుకిమ్మని బంధువులు ఎంత చెప్పినా వినక, పత్తీ మిరపా తనే దగ్గరుండి వేయించుకునేది. మా ఊరు మార్టూరుకు పడమటి పక్క, నల్లరేగడి నేల. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. స్కూలు చదువు అవగానే నన్ను తీసుకెళ్లి గుంటూరు కాలేజీలో చేర్చింది కూడా ఆవిడే. ‘ఆడపిల్లకు సైన్సెందుకు’ అన్న పెద్దమనిషితో, “నువ్వు చదవలేకపోయావని అదీ మానుకోవాలా?” అంది. ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

అరవైల మొదట్లో సంగతి ఇది. మాకు కెమిస్ట్రీ చెప్పే మేడమ్ తంజావూరు వైపు నుంచి వచ్చారు. సన్నగా, గాలి వీస్తే ఒరిగిపోతారేమో అన్నట్టు ఉండేవారు. మా ఊళ్ల కూర ఒక్క ముద్ద కూడా తినలేకపోయేవారు. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, అదే ఆవిడ భోజనం. మిరపకాయలు వేయించిన ఘాటు హాస్టలు వంటింటి నుంచి వస్తే, పాఠం ఆపి కిటికీలు మూయించేవారు. అలాంటి మనిషి ఒకరోజు క్లాసులోకి వస్తూనే అడిగారు.

“కారం ఏ రంగులో ఉంటుంది?”

“ఎరుపండీ,” అన్నాం అందరం ఒక్క గొంతుతో.

“మరి పచ్చిమిరపకాయ?”

మాలో ఒకమ్మాయి “ఆకుపచ్చండీ” అంది. అందరం నవ్వాం.

మేడమ్ నవ్వలేదు. “రెండింట్లోనూ ఉన్న కారం ఒకటే. అయితే దానికి తనదంటూ ఒక రూపం ఉండాలి కదా? మీరు రోజూ తింటారు. మీలో ఎవరైనా దాన్ని చూశారా?”

మిరప కల్లాల్లో పాకి పెరిగినదాన్ని నేను. నాకు కూడా ఆ ప్రశ్న ఎన్నడూ తోచలేదు.

కలిసిపోయి ఉన్న రంగులను గాజు గొట్టంలో దేనికది విడగొట్టే పద్ధతి గురించి మేడమ్ మద్రాసు నుంచి తెప్పించుకున్న పత్రికల్లో చదివారు. అది మన చేతులతోనే చేసి చూద్దామన్నారు. మిరపకాయలు ఎక్కడినుంచి తేవాలన్న మాట వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. ఇంటికి కబురు పంపాను. చిన్న సంచీతో పోయేదానికి మేనత్త గోనెసంచి నిండా కాయలు వేసుకుని బస్సు దిగింది.

“కాలేజీకి కాయలెందుకే అమ్మాయ్? పచ్చడి పెడుతున్నారా?” అంది గేటు దగ్గరే, వీధంతా వినిపించేటట్టు.

మేడమ్ ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. “రండమ్మా, మీరూ చూద్దురుగాని,” అన్నారు. మేనత్త చెప్పులు బయట విడిచి, గుళ్లోకి వచ్చినట్టు కొంగు భుజం చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చింది.

కాయల్లోంచి తీసిన ఎర్రటి నూనెను ముందురోజే క్షారంలో నానబెట్టి ఉంచాం. సబ్బులా ముద్దయిన దాన్ని గరాటులాంటి గాజుబుడ్డిలో ఈథర్ పోసి ఊపితే రెండు పొరలయింది. పైన మందారం ముద్ద కరిగినట్టు ఎర్రటి ఈథర్. కింద, లేత పసుపు చాయలో క్షారపు నీళ్లు. ఆ నీళ్లను ఒక బీకరులోకి వదిలి పక్కన పెట్టాం.

కొస విరిగిన పాత బ్యూరెట్టే మా గొట్టం. అడుగున మా చేలో పత్తినే కాస్త ఉండచేసి కూరాం. దాని మీద మెత్తటి సుద్దపొడి దట్టంగా నింపాం. మొదటిసారి సుద్ద పగులు తీసింది. రెండోసారి ఒక పక్కనుంచే కారిపోయింది. మేడమ్ మళ్లీ నింపారు. మూడోసారి పైనుంచి ఆ ఎర్రటి ఈథర్ పోసి, మీద చుక్క చుక్కగా పెట్రోలియం ఈథర్ వదిలారు.

ఎరుపు కదిలింది. కదులుతూ చీలింది. ముందుగా పసుపు ఒక ఉంగరంలా విడిపోయి కిందికి జారింది. దాని వెనక నారింజ రంగు. అన్నిటికన్నా పైన, సుద్దను పట్టుకుని వదలనంటూ, చిక్కటి ఎరుపు. మధ్యలో తెల్లటి సుద్ద కనిపిస్తూనే ఉంది. ఒక్కటే అనుకున్న రంగులో ఇన్ని రంగులు కాపురం ఉంటున్నాయని నాకప్పుడు తెలిసింది. మేనత్త నోటిమీద చెయ్యి పెట్టుకుని, గొట్టానికి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయింది.

“ఇంద్రధనుస్సును గొట్టంలో బిగించారేమ్మా,” అంది చివరికి మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఒక్కొక్క రంగును విడిగా పట్టి, ఈథర్ ఆవిరయ్యేదాకా ఉంచాం. గాజుపళ్లేల్లో రంగు మరకలు మిగిలాయి. ఏ రంగులో కారముందో రుచి చూడాలి. మేడమ్ వేలు ముందుకు చాచి వెనక్కి తీసుకున్నారు. కారమంటే ఆవిడకున్న భయం మాకందరికీ తెలుసు.

“నేను చూస్తానుండండి,” అని మేనత్త ముందుకొచ్చింది.

పసుపు నాకింది. నారింజ నాకింది. ఎర్రటి దాన్ని కాస్త ఎక్కువే తీసుకుని, కల్లంలోలాగే కళ్లు మూసుకుంది. ఆవిడ ముఖం మెల్లగా మారిపోయింది.

“చప్పగా ఉంది. సుద్ద నాకినట్టుంది. కారం ఏదమ్మా?” కళ్లు తెరిచింది. “మా కాయ నోట్లో వేసుకుంటే ఎద్దులాంటి మగాడు కూడా ఎగిరి గంతేస్తాడు. దాన్ని చంపేశారా ఏంటి?”

ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. మేడమ్ ముఖం పాలిపోయింది. కాగితాలు తిరగేశారు, గొట్టం చూశారు, పళ్లేలు చూశారు. “ఎక్కడికీ పోదమ్మా. పోవడానికి వీల్లేదు. ఇక్కడే ఎక్కడో ఉండాలి,” అంటూ బల్ల చుట్టూ తిరిగారు. నేను గాజుసామాను కడగడానికి తీస్తున్నాను. ఆ పసుపుచాయ నీళ్ల బీకరు చేతిలోకి తీసుకోగానే మేడమ్ చటుక్కున నా మణికట్టు పట్టుకున్నారు.

“పారబోయకు!”

బీకరును వెలుతురుకెత్తి చూశారు. ఆ నీళ్లలో కంటికి ఏమీ కనిపించలేదు. మేనత్త అందులో వేలు పెట్టబోతే, “వద్దమ్మా, అది క్షారం, నోరు పొక్కిపోతుంది,” అని ఆపారు. తర్వాత ఆమ్లం తీసుకుని, గాజుకడ్డీతో తిప్పుతూ ఒక్కొక్క చుక్కే వేశారు. కాసేపు ఏమీ జరగలేదు. ఇంకొక చుక్క. నిర్మలంగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి పాలయ్యాయి. క్షారం తనలో కరిగించుకుని దాచుకున్నదాన్ని ఆమ్లం బయటికి తోసింది. మేడమ్ ఆ పాలను కొంచెం వేడి చేశారు.

ముందు నేను దగ్గాను. తర్వాత నా పక్కనున్నమ్మాయి. క్షణంలో గదంతా దగ్గులు, తుమ్ములు. మేడమ్ కళ్లలోంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. మేనత్త దగ్గుతూనే రెండు చేతులూ పైకెత్తింది.

“ఇదిగో! బతికే ఉంది! నా కాయ కారం బతికే ఉందే!”

ఆ పాలలో కొవ్వు కూడా కలిసి ఉంది. దాన్ని వదిలించడానికి మేడమ్‌కు చాలాకాలం పట్టింది. క్లాసులయ్యాక ఒక్కరే కూర్చుని కరిగించడం, వడగట్టడం, మళ్లీ కరిగించడం. కళ్లు ఎర్రగా వాచిపోయేవి. “ఎందుకు మేడమ్ ఇంత అవస్థ?” అని ఒకసారి అడిగితే, “ఇంతగా భయపెట్టినదాన్ని ఒక్కసారి ఎదురుగా చూడాలి కదమ్మా,” అన్నారు.

ఒకరోజు నన్ను పిలిచి, “మీ అత్తగారిని రమ్మను,” అన్నారు.

ఈసారి మేనత్త చేతులూపుకుంటూ వచ్చింది. మేడమ్ ఆవిడను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను ఎలా మూసుకోవాలో నేర్పారు. గాజుపలక మీద కంటికి ఆనీ ఆననంత పొడి ఉంది. మేనత్త చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. ఆ తర్వాత నేను చూశాను. తెల్లటి సన్నటి సూదులు, మంచు పేనినట్టు, ఒకదానిమీదొకటి పడి మెరుస్తున్నాయి. ఎరుపు లేదు, పచ్చదనం లేదు. అంత శుభ్రమైనదాన్ని నేను జీవితంలో చూడలేదు.

“ఇదా కారం?” అంది మేనత్త. “తెల్లగా, పసిపిల్ల పన్నులాగుందే.”

మేడమ్ ఒక్క పలుకును సూదిమొనతో తీసి, బొట్టు ఆల్కహాలులో కరిగించి, నిండు కుండలోని మంచినీళ్లలో వేసి కలిపారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మేనత్త గ్లాసుతో ముంచుకుని ఒక గుక్క తాగింది. ఒక క్షణం మామూలుగానే ఉంది. అంతలో చెంపలు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీళ్లు కాలుతున్నాయమ్మా,” అంది. గ్లాసు కింద పెట్టి, కుండవంకా, గాజుపలకవంకా మార్చి మార్చి చూసింది. “కంటికానని పలుకు... కుండెడు నీళ్లనూ పట్టేసిందే!” తర్వాత, ఎవరికి పెడుతున్నదో తెలియకుండానే, రెండు చేతులూ జోడించింది.

మేడమ్ కూడా ఆరోజు అదే గ్లాసులోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు. వగర్చారు గాని, పెరుగు కోసం పరుగెత్తలేదు.

చదువు ముగించి నేనూ కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే చేరాను. తర్వాత పెద్ద పెద్ద యంత్రాలు చూశాను. పదార్థం మీదికి కంటికి కనపడని కాంతిని పంపితే, కలం తనంతట తానే కాగితం మీద గీతలు గీసి దాని గుట్టు చెప్పేది. అది చూసినప్పుడు కూడా ఒళ్లు జలదరించింది. అయినా బీకరులో నీళ్లు పాలయిన ఆ క్షణం దగ్గరికి ఏదీ రాలేదు.

మేనత్త ఆ సూదులు చూసిన ఏటే కల్లంలో చేసిన పని మాత్రం చెప్పాలి. సెలవులకు ఇంటికెళ్లి నేరుగా కల్లానికే పోయాను. కనుచూపు మేర ఎర్రగా ఎండుతున్న కాయలు. వాటి మధ్య నిలబడి ఆవిడ కూలి ఆడవాళ్లకు చెబుతోంది.

“ఈ ఎరుపు ఉత్త చీరేనే! లోపలుండే మనిషి తెల్లగా ఉంటుంది. సూదుల్లాగుంటుంది. నేను చూశాను, ఒక కన్ను మూసుకుని, ఈ రెండో కంటితో.”

“ఊరుకోండి అత్తా, చెప్పొచ్చారు,” అని ఒకామె నవ్వింది.

“అబద్ధమైతే నా కాయంతా తాలైపోనీ!” అంది మేనత్త.

పంట మీద ఒట్టేస్తే మా వైపు ఎవరూ నవ్వరు. ఆ నవ్విన ఆమే ముందుగా వంగి ఒక కాయ తీసి, నిలువునా చీల్చి, ఎండకు ఎత్తి పట్టుకుంది. పక్కనున్నామె ఇంకొకటి తీసింది. చూస్తుండగానే కల్లంలోని ఆడవాళ్లందరూ తలా ఒక కాయ విప్పి, ఒక కన్ను మూసుకుని, సూర్యుడికెదురుగా లోపలికి చూస్తూ నిలబడ్డారు.