చలికాలపు అర్జీ

తవిటయ్య కొండ మీద కాపలా పనిలో చేరింది డెబ్బై నాలుగులో. విశాఖపట్నం రేవు నుంచి మాంగనీసు ఎగుమతి చేసే ఓ కంపెనీకి అనంతగిరిలో రెండు గదుల రాతి ఇల్లు ఉండేది. పైన రేకులు, ముందు వరండా, వెనకాల వంటపాక. ఆఫీసు వాళ్ళు దాన్ని బంగళా అనేవారు. అది బంగళా ఎలా అయిందో ఆ పేరు పెట్టినవాడికే తెలియాలి.

పెళ్ళాం తాయారు విశాఖలోనే, కంచరపాలెంలో ఉండేది. అక్కడ ఓ హాస్టల్లో వంటపని, కూతురికి బడి. కొండ మీద ఆ రెండూ లేవు. తవిటయ్య నెలాఖరుకి బస్సు దిగి ఇంటికి రావడం, రెండు రోజులుండి మళ్ళీ బస్సెక్కడం. పన్నెండేళ్ళు అదే కాపురం. అతను కోరింది ఒక్కటే, రేవు దగ్గర కంపెనీ యార్డులో గేటు కాపలా. డ్యూటీ దిగి నడుచుకుంటూ ఇంటికి పోవచ్చు, ముగ్గురూ ఒకచోట కూర్చుని అన్నం తినొచ్చు. అంతకు మించి ఆ మనిషికి ఏ ఆశా లేదు.

ఏటేటా అర్జీ పెట్టేవాడు. చిక్కల్లా ఏమిటంటే, దాని మీద సంతకం పెట్టాల్సిన మేనేజరు గురునాథరావు గారు కొండకి వచ్చేది మే నెలలో. విశాఖలో ఉక్కపోతకి చొక్కా ఒంటికి అంటుకుపోయే రోజుల్లో! ఆయన వరండాలో పడక్కుర్చీ వేయించుకుని, చల్లగాలికి కళ్ళు మూసుకుని, "ఒరే తవిటయ్యా, స్వర్గంలో ఉన్నావురా నువ్వు! ఇది వదిలేసి ఆ దుమ్ములోకి ఎందుకు చస్తావు?" అనేవారు. అర్జీ మడిచి జేబులో పెట్టుకునేవారు. అంతే సంగతులు.

ఆ స్వర్గాన్ని డిసెంబరులో చూడాలి! పొద్దున్నే తొట్టిలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. రేకుల కింద మంచు చుక్కలు చుక్కలుగా కారుతుంది. తడి కట్టెలు ఊది ఊది కళ్ళు చింతనిప్పులవుతాయి. తవిటయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. మెట్టెక్కాలంటే చెయ్యి అందించే మనిషి కావాలి, ఆ మనిషేమో కంచరపాలెంలో. అలిసిపోయాడు. అర్జీ రాయించడానికి కూడా ఓపిక లేనంతగా అలిసిపోయాడు.

ఎనభై ఆరు నవంబరు ఆఖర్న, తవిటయ్య ఇంటి దగ్గరుండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. మేనేజరు గారు అరకు పని మీద వెళ్తూ ఒక రాత్రి బంగళాలో ఆగుతారని. తాయారు మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మావా, ఇన్నాళ్ళకి దేవుడు దారి సూపించినాడు. నువ్వేటీ సెయ్యకు. నిప్పెట్టకు, ఏణ్ణీళ్ళు కాయకు. కట్టెలు తడిసిపోనాయని సెప్పు. సలంటే ఏటో ఆ బాబుకి ఒక్కసారి తెలవాల. పొద్దున్నే సంతకం ఎట్టేత్తాడు."

"అలాగేలే."

"అలాగేలే కాదు. నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాడు. పోయినేడు పూర్ణా మార్కెట్లో తను ఏరి కొన్న నీలం రగ్గు అతని భుజాన వేసి, కూతురి చేత రాయించిన అర్జీ జేబులో పెట్టి, తాయారు బస్సెక్కించింది.

జీపు మసక చీకటి వేళకి వచ్చింది. దిగింది వేసవిలో చూసిన మనిషి కాదు. రిటైరుమెంటు దగ్గరపడి బాగా చిక్కిపోయారు. మీద పల్చటి శాలువా. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఇదేం చలిరా నాయనా," అన్నారు.

"కట్టెలు తడిసిపోనాయి బాబూ," అన్నాడు తవిటయ్య, ఒట్టు గుర్తుపెట్టుకుని.

ఆయన సరేనని మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు. ఒక్క మాట విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది! నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది! చేతులు చంకల్లో పెట్టుకుని వణికే ముసలాయన్ని ఎంతసేపని చూస్తాడు? ఆ వణుకు ఎలా ఉంటుందో తవిటయ్యకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు గనక! గబగబా వంటపాకలోకి పోయి అటక మీద దాచిన ఎండుకట్టెలు దించాడు. వేన్నీళ్ళు, అల్లం టీ, పొగలు కక్కే చారన్నం. మంచం పక్కన నిప్పుల కుంపటి. ఆఖరికి తన రగ్గు కూడా తెచ్చి కప్పేశాడు.

పొద్దున్న ఎండ కాస్త పొడవగానే మేనేజరు గారు వరండాలోకి వచ్చి ఒళ్ళు విరుచుకున్నారు. అర్జీ అందుకుని నవ్వారు. "వేసవిలోనే స్వర్గం అనుకున్నాన్రా. నువ్వుంటే చలికాలం కూడా స్వర్గమే! నిన్ను పంపేస్తే ఇక్కడ ఇలా ఎవడు చూస్తాడు?" అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రగ్గు చుట్టుకునే జీపెక్కారు. తిరిగి ఇమ్మని అడగడానికి తవిటయ్యకి నోరు రాలేదు.

నెలాఖరుకి ఇల్లు చేరాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే తాయారు అతని భుజం కేసి చూసింది.

"రగ్గేదీ?"

తల వంచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ఓలమ్మో, ఈ మనిసితో నానెలాగ ఏగేది!" తాయారు నెత్తి కొట్టుకుంది. "ఎండాకాలవూ సొర్గవే, సలికాలవూ సొర్గవే! మరి మనం కలిసి అన్నం తినేది ఎప్పుడు మావా?"

"ఆ బాబు వణికిపోతన్నాడే. నాను సూడలేకపోనాను."

రెండు రోజులూ తాయారు అతనితో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి పక్కకి పోయేది. మూడో రోజు పొద్దున్న అతను బస్సుకి బయల్దేరుతుంటే, తానూ కూతురూ కప్పుకునే బొంత మడతపెట్టి తెచ్చి అతని చేతుల్లో కుక్కింది.

"మరి మీకో?"

"ఇక్కడ సలేటున్నాది గానీ, నువ్వెళ్ళు," అంది ముక్కు ఎగబీలుస్తూ. "ఇదైనా ఎవుడికీ ఇచ్చెయ్యకు."