మిగిలిపోయిన రోజు

గ్వాదియానా నదికి ఇవతలి ఒడ్డు పోర్చుగల్, అవతలి ఒడ్డు స్పెయిన్. గట్టిగా కేకేస్తే పక్క దేశంలో పలుకుతారు. గడియారం మాత్రం అవతల ఒక గంట ముందు నడుస్తుంది. ఆ నీటి మీద పదకొండేళ్లుగా పడవలోనే కాపురం ఉంటున్నాడు క్లెమెంట్ పాస్కో. ఇంగ్లండులో బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయిన ఏడాది ఇల్లమ్మి పడవ కొన్నాడు. ఇక చచ్చేదాకా ఏ ప్రభుత్వానికీ కాగితం నింపనని ఒట్టు పెట్టుకున్నాడు.

పడవల వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సూత్రం ఒకటుంది. ఏడాదిలో నూట ఎనభై మూడు రోజులు దాటి ఒక దేశంలో ఉంటే అక్కడి పన్నుల ఆఫీసు మనల్ని తనవాళ్లంటుంది. పాస్కో నీడను చూసి కూడా పక్కకు తప్పుకునే రకం. అటు నూట ఎనభై రెండు, ఇటు నూట ఎనభై రెండు అని నోటుబుక్కులో గీతలు గీసుకునేవాడు. అప్పుడు ఏడాదికి ఒక రోజు మిగిలిపోయేది. డిసెంబరు ముప్పై ఒకటిన నది నడిమధ్య లంగరు వేసి, స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని, ఎవరికీ చెందని మనిషిగా కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. లీపు సంవత్సరం వస్తే రెండు రోజుల పండుగ.

పోర్చుగల్ ఒడ్డున చిన్న హోటలు నడిపే ఎర్మెలిందాకు ఈ లెక్క గిట్టేది కాదు. ఆమెదీ ఒంటి బతుకే. పాస్కో ఆమె దగ్గరే తినేవాడు, కట్టెలు కొట్టేవాడు, గిన్నెలు కడిగేవాడు. గడువు తీరిన రోజున మాత్రం అవతలికి పోయేవాడు. ఇక ఇటు కాలు పెడితే ఇంకో రోజు లెక్కలో పడుతుందని భయం.

“పోతున్నావా కెప్టెన్?” అనేది ఆమె, తల ఎత్తకుండా.

“చట్టం, ఎర్మెలిందా.”

“మా మేకా తాడు తెంచుకు పోతుంది. అది సాయంత్రానికి తిరిగొస్తుంది, అంతే తేడా.”

పదకొండో ఏట, పోర్చుగల్ వంతు రెండు రోజుల్లో అయిపోతుందనగా ఎర్మెలిందా మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. వెళితే ఆమెకింత వండి పెట్టే దిక్కు లేదు. ఉంటే పాత పన్నులన్నీ తవ్వి తీసి పడవ లాక్కుంటారని పాస్కో భయం. గడువు రోజున లంగరు సగం లేపాడు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి మళ్లీ దించేశాడు.

“ఇంకా పోలేదే?” అంది ఆమె మంచం మీంచి.

“లంగరు బురదలో ఇరుక్కుంది.”

“బురదకున్న బుద్ధి కొందరికి లేదు. సూపులో కొత్తిమీర వెయ్యి.”

నూట ఎనభై నాలుగో రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదకొండు నోటుబుక్కులూ చంకన పెట్టుకుని, పన్నుల ఆఫీసుకు వెళ్లి లొంగిపోయాడు. అక్కడి గుమాస్తా ఒక కళ్లద్దాల పెద్దావిడ. రెండు పేజీలు తిప్పి బుక్కులు పక్కన పెట్టింది.

“మీ ఉత్తరాలు ఎక్కడికొస్తాయండీ?”

“ఎర్మెలిందా హోటలుకి.”

“చలి బట్టలు?”

“ఆవిడ బీరువాలో.”

“జ్వరమొస్తే?”

“ఈ ఊరి డాక్టరే.”

“అయితే మీరు మొదట్నుంచీ మావారే. మేం రోజులొక్కటే చూడం, ఇల్లెక్కడో కూడా చూస్తాం. ఇన్ని గీతలు ఎందుకు గీశారు?”

పాస్కో పింఛను కాగితం ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని చూసింది, తర్వాత అతన్ని జాలిగా చూసింది.

“దీని మీద పన్ను పడాలంటే మీరింకో నలభై ఏళ్లు బస్సు నడపాలి. ఈ ఫారం నింపి వెళ్లండి.”

ఒట్టు గట్టున పెట్టి నింపాడు.

“ఏమన్నారు?” అడిగింది ఎర్మెలిందా.

“నేను ఇక్కడే ఉంటున్నానట.”

“ఆ మాట మేకనడిగినా చెప్పేది.”

డిసెంబరు ముప్పై ఒకటి వచ్చింది. పాస్కో హోటల్లో దిగాలుగా కూర్చున్నాడు. ఇప్పుడు మిగిలే రోజు లేదు. ఏడాది పొడుగునా అతను ఎదురుచూసేది దాని కోసమే. ఎర్మెలిందా చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి సూపు కుండ అతని చేతిలో పెట్టింది. నీళ్ల మీద ఇల్లేమిటని పదకొండేళ్లలో ఒక్కసారీ ఆ పడవ ఎక్కని మనిషి.

“లే. ఆ రోజేదో నాకూ చూపించు.”

నది మధ్యలో లంగరు పడింది. ఆమె రెండు చేతులా అంచు పట్టుకుని అటొకసారి, ఇటొకసారి చూసింది. స్పెయిన్ గుడి గంట మధ్యాహ్నం పన్నెండు కొట్టింది.

“భోజనం వేళయింది,” అంది.

“మన ఊళ్లో ఇంకా పదకొండే.”

“ఈ ఒక్క రోజూ లెక్కలుండవన్నావుగా. తిను.”