బోనం, మోకాలు, మడత కుర్చీ

నా మోకాళ్ల నొప్పి పాతదే. బోనం ఎత్తలేకపోవడమే కొత్త. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆషాఢంలో మా ఇంటి బోనం నా నెత్తి మీదే అమ్మవారి గుడికి వెళ్లేది. పోయినేడు మా తోటికోడలు ఎత్తుకుంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని చూశాను. ఆమె ఎత్తినందుకు కాదు, చక్కగా ఎత్తినందుకు ఏడుపొచ్చింది.

ఈసారి ఎలాగైనా నేనే ఎత్తాలని, రెజిమెంటల్ బజార్‌లో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మను కనుక్కున్నాను. ఫీజు ఎంతో చెప్పగానే మా ఆయన టీవీ శబ్దం తగ్గించాడు.

"సూదులకు గన్ని పైసలా? దర్జీని అడిగితే పుణ్యానికిస్తడు గదనే!"

నాకేమో సూదులంటే భయం. భయమేసే పనికి మనకు తెలిసిన విరుగుడు ఒక్కటే కదా, తలస్నానం చేసి, ఒక్కపొద్దు ఉండి వెళ్లాను. మోకాలి చుట్టూ సూదులు గుచ్చగానే కళ్లు తిరిగి, పైన ఫ్యాను రెండుగా కనిపించింది. డాక్టరమ్మ సూదులన్నీ తీసేసి, తీపి చాయ్ తాగించి, అప్పుడు తిట్టింది.

"కడుపు మాడ్చుకొని వస్తరా అమ్మా ఎవరన్న? ఇది మొక్కు కాదు, వైద్యం. మళ్లొచ్చేటప్పుడు తిని రాండ్రి."

తిని వెళ్లడం మొదలుపెట్టాను. ఇంకో తెలివి కూడా చూపించాను. ఫీజు భారం కాస్త తగ్గుతుందని ఆటో మానేసి మా ఇల్లున్న మౌలాలి నుంచి బస్సెక్కాను. సూదులు తగ్గించిన నొప్పిని బస్సు మెట్లు ఇంటికొచ్చేలోపే తిరిగి ఇచ్చేసేవి. అది చూసి ఆటోకు డబ్బులిచ్చింది మా ఆయనే, సణుగుతూనే.

ఆషాఢం వచ్చేసరికి నొప్పి పోయిందా అంటే, పోలేదు. పూర్తిగా పోతుందని డాక్టరమ్మ ఎప్పుడూ అనలేదు. కానీ పొద్దున గోడ పట్టుకోకుండా లేస్తున్నాను, రాత్రి నిద్ర పడుతోంది. నాకది తక్కువేం కాదు.

బోనాల రోజు కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, దీపం పెట్టి ఎత్తుకున్నాను. డప్పు మోగింది. మా ఆయన మడత కుర్చీ భుజాన వేసుకుని పక్కనే నడిచాడు.

"జెర కూసో. మోకాలు పట్టుకుంటే పరేషాన్ అయితవ్."

"నెత్తి మీద బోనం పెట్టుకొని కూసుంటరా ఎవరన్న? నడువుండ్రి."

గుడి ముందు లైను పొడుగ్గా ఉంది. మోకాలు సలిపింది, నిజం. తోటికోడలు మాటిమాటికీ చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. అమ్మవారి ముందు బోనం దించినప్పుడు మళ్లీ ఏడ్చేశాను, ఈసారి సంతోషంతో.

వెనక్కి తిరిగితే మా ఆయన లేడు. బయట గోడవారగా ఆ కుర్చీ వేసుకుని, తన మోకాలు తనే నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ సూదులు... బాగ నొప్పి పెడ్తయా?"

"తిని పోతే పెట్టవు" అన్నాను.