గుమ్మానికి కాప్సికం ఆకులు

పోయిన వైశాఖంలో అత్తగారు సుబ్బులుగారు కన్నుమూసినప్పటి నుంచి, అమెరికాలోని కాపెల్‌లో దమయంతి ఇంట్లో బాణలి మాసికాలకే పొయ్యెక్కుతోంది. నెలకోసారి ఆఫీసు మీటింగుకి ముందే తలస్నానం చేసి, పప్పు రుబ్బి, గారెలు వేసి, భర్త ఫణి మాసికం పెట్టి లేచేదాకా మంచినీళ్ళు ముట్టకుండా వంటింట్లో నిలబడేది. ఆ తరవాత తడి జుట్టుతోనే లాప్‌టాప్ ముందు కూర్చుని, కెమెరా ఆపేసి, "గుడ్ మార్నింగ్ టీమ్" అనేది. ఏటిసూతకం ఉన్న ఇల్లు కనక పండుగలు లేవు. గుమ్మానికి తోరణం లేదు, వాకిట్లో ముగ్గు లేదు, పిండివంట లేదు. దీపావళికి ఎదురింటి ఉమామహేశ్వరిగారు డబ్బాలో కజ్జికాయలు తెచ్చిస్తే అవే తిన్నారు.

ఇవన్నీ చెయ్యమని ఫణి ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. అడగకముందే చేసిపెట్టడం దమయంతి గుణం. పెళ్ళయి ఈ దేశం వచ్చి, మొదట ఐసెలిన్ అనే ఊళ్ళో దిగిన కొత్తలో, ఫణి స్నేహితుడెవరో మాటవరసకి, "పులిహోర తిని ఎన్నాళ్ళయిందో వదినా" అంటే ఆ శనివారానికి గిన్నెడు పులిహోర సిద్ధం. ఆఫీసులోనూ అంతే. ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ళ పని వచ్చి దమయంతి నెత్తిన పడేది. "నాకేం ఫర్వాలేదు" అనడం ఆవిడకి ఎంత అలవాటంటే, పంటినొప్పితో డెంటిస్టు దగ్గరకి వెళ్ళినా ముందు ఆ మాటే వచ్చేది. ఈ ఏడాది మాత్రం ఒంట్లో అలసట పాత బాకీలా పేరుకుపోయింది. నిద్రపోతే తీరేది కాదు.

కూతురు దియ రెండో క్లాసు. దీపావళికి ఏం చేశారు, సంక్రాంతికి ఏం చేశారు అని స్నేహితులు అడిగితే, "ఈ ఇయర్ మాకు ఏమీ లేదు" అని చెప్పడం నేర్చుకుంది. మొదట్లో ఏడ్చేది. తరవాత ఏడవడం మానేసింది. దమయంతికి ఆ మానేయడమే గుచ్చుకునేది.

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ వచ్చింది. మంగళవారం పొద్దున్న దమయంతి ఇంటి నుంచే పని చేస్తూంటే దియ వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఇవాళ సెయింట్ పాట్రిక్స్ డే కదా, అది మన పండగా?"

"కాదమ్మా. ఐర్లండ్ వాళ్ళది."

"అయితే దానికి మనకి నో లేదు కదా."

దమయంతి కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. ఇంత చిన్న బుర్ర ఎన్నాళ్ళ నుంచి ఈ సందు వెతుక్కుంటోందో.

ఫణిని అడగాలి. అడిగితే ఏమంటాడు? ఏమీ అనడు. మొహం పక్కకి తిప్పుకుంటాడు. తల్లి పోయినప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిన ఆ మొహాన్ని, తను చేసిన పని వల్ల మళ్ళీ చూడ్డం ఆవిడ వల్ల కాదు. కానీ దియ కుర్చీ చెయ్యి వదల్లేదు.

"సరే," అంది దమయంతి. "చిన్నగా. ఇంట్లో మటుకే."

ఫ్రిజ్‌లో ఉన్న కాప్సికం అడ్డంగా కోసింది. ఆ ముక్కని ఆకుపచ్చ రంగులో ముంచి కాగితం మీద అద్దితే, ఆ పండక్కి గుర్తయిన, ఐర్లండ్ వాళ్ళ మూడు రేకుల ఆకులాగే అచ్చు పడింది. మూడు రేకుల కాయ దొరకడం అదృష్టమని దియ గంతులేసింది. ఆరిన అచ్చులు కత్తిరించి దారానికి గుచ్చింది. దమయంతి ఫ్రీజర్‌లోని కొబ్బరి తురుము తీసి, చక్కెర పాకంలో దగ్గరపడేదాకా కలిపి, రెండు చుక్కల ఆకుపచ్చ రంగు వేసింది. మూడు ఉండలు ఒకదానికొకటి ఆనించి, నాలుగో దాన్ని సన్నగా పామి కాడగా పెడితే అదో ఆకు. మొదటివి పువ్వుల్లా వచ్చాయి, తరవాతవి కప్పల్లా. మధ్యమధ్య మీటింగులు, ఆకుపచ్చ వేళ్ళతో మ్యూట్ తియ్యడాలు.

సాయంత్రం చివరి కాల్ అయ్యాక లేచి చూస్తే, దియ ఆ దండని వీధి గుమ్మానికి కట్టేసి ఉంది. సుబ్బులుగారు మామిడాకుల తోరణం కోసం అంటించుకున్న కొక్కేలకి. తియ్యాలి. తియ్యాలంటే స్టూలు తేవాలి, దియకి నచ్చజెప్పాలి. ఫణి ఎలాగూ గరాజ్‌లోంచే వస్తాడు, అతని కంటపడదు. కాసేపాగి తీద్దాంలే అనుకుంది.

ఫణి వచ్చి బూట్లు విప్పుతూంటే వీధి గుమ్మం బెల్ మోగింది. అతనే తలుపు తీశాడు. ఉమామహేశ్వరిగారు. సుబ్బులుగారితో రోజూ నడకకి వెళ్ళిన మనిషి.

"ఏం నాయనా, గురువారం ఉగాదికి మీకెన్ని బొబ్బట్లు తేవాలో కనుక్కుందామని వస్తే, మీరే ముందు తోరణం కట్టేసుకున్నారే. ఏడాది తిరగాలి కదూ?"

ఫణి బయటకి వచ్చి తలెత్తి చూశాడు.

"అది బెల్ పెప్పర్, ఆంటీ," అంది దియ.

"మిరపకాయలా? దిష్టికా?"

"నో, పాట్రిక్స్ డే. మీరు గ్రీన్ వేసుకోలేదు. వేసుకోనివాళ్ళని గిల్లాలి." చెయ్యి చాచి చిన్నగా గిల్లేసింది.

"ఓసి నీ దుంపతెగ. ఇదెక్కడి పండగే," అని ఆవిడ చెయ్యి రుద్దుకుంది. 'పండగ' అన్న మాట నోట్లోంచి వచ్చాక ఫణి వంక చూసి, "నాకెందుకులే. పది బొబ్బట్లు తెస్తాను," అని దిగి వెళ్ళిపోయింది.

వంటింట్లో దమయంతి కొళాయి కట్టేసి వింటోంది.

"నాన్నా, దీన్ని తీసి బ్యాక్‌యార్డ్‌లో కట్టుకుందామా?" అన్నాడు ఫణి, మెల్లగానే.

"ఓకే," అంది దియ.

ఆ 'ఓకే'లో పేచీ లేదు, ప్రశ్న లేదు. ఏడాదిగా నలిగి నునుపెక్కిన మాట అది. దమయంతి తడి చేతులతోనే బయటకి వచ్చింది.

"వద్దు. అది అక్కడే ఉంటుంది."

"ఆవిడ చూశారు కదా దమూ. నలుగురూ..."

"చూడనీ. నెలనెలా నేను నిలబడలేక నిలబడ్డాను ఫణీ. దీపావళికి దాని చేతికి ఒక్క కాకరపువ్వొత్తి ఇవ్వలేదు. ఇదొక్కటీ నేను తీసేయలేను. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ..."

"నేను బాధపడతానా?" ఫణి గుమ్మానికి ఆనుకున్నాడు. "నేనెప్పుడు చెయ్యమన్నాను?"

"వద్దనీ అనలేదుగా."

"తెల్లారుజామునే మడి కట్టుకుని నువ్వు పప్పు రుబ్బుతుంటే వద్దని ఎలా అంటాను? అమ్మ నీకేదో చెప్పి పోయిందనుకున్నాను. ఆ గారెలు నాకు గొంతు దిగేవి కాదు."

"నాకేం చెప్పలేదు అత్తయ్య."

"మరి దీపావళి దీపాలు?"

"నువ్వు బయటకి తియ్యలేదు. నేనూ తియ్యలేదు."

నవ్వొచ్చే సంగతే, కానీ నవ్వడానికి కూడా ఓపిక కావాలి. ఒకరి కోసం ఒకరు మోసిన బరువు, మధ్యలో పిల్ల చేత కూడా మోయించారు.

"సో, ఉంచాలా, తియ్యాలా?" అంది దియ.

"ఉంచు నాన్నా," అన్నాడు ఫణి. దమయంతివైపు తిరిగి, "వచ్చే మాసికానికి గుడిలో పంతులుగారికి స్వయంపాకం ఇచ్చేద్దాం. బియ్యం, పప్పు, కూరగాయలు, అంతే. నువ్వు వండకు," అన్నాడు.

"చూద్దాం," అంది అలవాటు కొద్దీ. మళ్ళీ, "సరే," అంది.

గుమ్మం మెట్టు మీద కూలబడింది. దియ పళ్ళెంతో వచ్చి, ఉన్నవాటిలో బాగా వంకరపోయిన కప్పని తల్లి చేతిలో పెట్టి, మంచివి తండ్రికిచ్చింది. పాకం కాస్త ముదిరింది. అయినా ఫణి రెండు తిన్నాడు. నాలుక చాపితే ఆకుపచ్చగా ఉందని దియ పకపకా నవ్వింది. ఎదురింటి కిటికీలో తెర కదిలింది. దమయంతి చూసింది, కానీ లేవలేదు.

లోపల అన్నం ఇంకా వండలేదని గుర్తొచ్చింది. చెప్పబోయేలోపే ఫణి లేచి వెళ్ళాడు. గిన్నెలు చప్పుడయ్యాయి, బియ్యం డబ్బా ఎక్కడుందో వెతుకుతున్నట్టున్నాడు.

"దమూ, ఎన్ని గ్లాసులు పెట్టాలి?"

"ఒకటిన్నర," అంది దమయంతి, కూర్చున్నచోటి నుంచే.