పేరు రాయని కాగితం

మా కాలేజీలో పాసయ్యేవాళ్ళకంటే తప్పేవాళ్ళే ఎక్కువని యూనివర్సిటీకి ఎవరు మోశారో తెలియదు. ఇంటర్మీడియట్ కూడా యూనివర్సిటీ కిందే ఉన్న రోజులవి. కర్నూలులో నేను మొదటి సంవత్సరంలో ఉండగా ఆ యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పాఠాలు అర్థంకాని పిల్లలను చిన్న గుంపులుగా చేసి, వారానికి రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, అవసరమైతే తెలుగులోనే చెప్పాలట. వినగానే నాకు అనుమానం వచ్చింది. ఇంత మేలు ఊరికే ఎవరు చేస్తారు?

నాకు అర్థంకానిది ఒక పాఠమా, రెండు పాఠాలా! ఆలూరు దగ్గర పల్లెలో తెలుగులో చదివి వచ్చినవాణ్ణి. ఇక్కడ ఫిజిక్సంతా ఇంగ్లీషే. బోర్డు మీద ఉన్నది బొమ్మ దించినట్టు దించుకొని, హాస్టలు గదిలో దానివంక గుడ్లప్పగించి చూసేవాణ్ణి. పరీక్ష తప్పితే హాస్టల్లో ఉచిత సీటు పోతుంది. సీటు పోతే నా చదువు అక్కడితో సరి.

ఒకరోజు ఫిజిక్సు లెక్చరరు తలా ఒక తెల్లకాగితం పంచాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, పెద్ద వయసేమీ కాదు.

"మీకు అర్థంకానివేమిటో ఇందులో రాయండి. పేరు రాయక్కర్లేదు. ఏం భయం లేదండీ," అన్నాడు.

ఆ మాటతోనే మాకు భయం పట్టుకుంది. నా పక్కన కూర్చున్న మా పొరుగూరి వాడు చెవి దగ్గరికి వంగాడు.

"నిజం రాస్తాండావా ఏమప్పా? పేరు లేకుంటే ఏమి, చేతిరాత ఉండాది గదా. మొద్దులెవరో తెలుసుకోని సీట్లు పీకేదానికే ఇదంతా."

నాకూ అదే సబబుగా తోచింది. కరువు సంవత్సరం మా ఊరికి ఒక ఆఫీసరు వచ్చి, తిండి లేనివాళ్ళెవరని అడిగి రాసుకొని పోయాడు. లేదన్నవాళ్ళందరినీ మరుసటి వారం ఎండలో రాళ్ళు కొట్టే పనికి తీసుకుపోయారు. అప్పటినుంచి కాగితం పట్టుకొని కష్టం అడిగేవాడికి మా ఊళ్ళో ఎవరూ నిజం చెప్పరు.

నేను ఎడమచేత్తో కలం పట్టుకొని, 'అన్నీ అర్థమవుతున్నాయి' అని వంకరటింకరగా రాశాను. తల తిప్పి చూస్తే మా బెంచీలోనే కాదు, వెనక బెంచీలోనూ అందరూ ఎడమచేత్తోనే రాస్తున్నారు. ఎంత తెలివిగలవాళ్ళమని లోలోపల మురిసిపోయాను.

లెక్చరరు కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు.

"అయితే మీ సెక్షనుకు ఈ క్లాసులు అక్కర్లేదన్నమాట," అన్నాడు.

ఆ రెండు గంటలూ పక్క సెక్షనుకు పోయాయి. వాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళో వ్యాపారస్తుల పిల్లలు, నోరు తెరిచి అడగడానికి మొహమాటం లేనివాళ్ళు. వాళ్ళతోపాటు ఆ సెక్షనులో ఉన్న నలుగురు హాస్టలు పిల్లల సీట్లు ఎప్పుడు ఊడతాయా అని నేను ఎదురుచూశాను. ఎవరిదీ ఊడలేదు.

ఒక సాయంత్రం ఆ గది పక్కనుంచి పోతూ కిటికీ దగ్గర నిలబడ్డాను. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఆయన తెలుగులో చెబుతున్నాడు. నేను అర్థంకాక పేజీలకు పేజీలు బట్టీపట్టిన పాఠమది. నాలుగు మాటల్లో అర్థమైపోయింది. నామీద నాకే ఏడుపొచ్చింది.

ఆయన నన్ను చూసి గుమ్మం దాకా వచ్చాడు. "ఏం బాబూ, లోపలికొస్తావా?"

ఈయన నన్ను కనిపెట్టేశాడనుకున్నాను. "లేదు సార్, ఊరికే," అని అక్కడినుంచి జారుకున్నాను.

పరీక్ష తప్పాను. నన్ను తీసుకుపోవడానికి మా నాయన వచ్చాడు. హాస్టలు మెట్ల మీద నా ట్రంకుపెట్టె పక్కన కూర్చొని, ఒకే మాట అడిగాడు.

"తెలీకుంటే చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపాయనా ఈడ?"

"లేరు నాయనా. ఆ కోస్తా ఆయన మనోళ్ళకు చెప్పడు," అన్నాను.

నాయన నమ్మాడు. ఆ మనిషి మొహమైనా ఎరగని మా ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి రచ్చబండ మీద ఆయన్ను తిట్టుకున్నారు. నేను అక్కడే కూర్చొని విన్నాను.