మఖమల్ గుడ్డకు అతికించిన జవాబు

మా హిస్టరీ మేడమ్ పోయారన్న కబురు నాకు బాగేపల్లి బస్టాండులో, చేతిలో టీ గ్లాసు ఉండగా తెలిసింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె ఫోటో పెట్టి, కింద “మన రాళ్ళ మేడమ్ ఇక లేరు” అని రాశారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. రాళ్ళు కావయ్యా, మట్టి! బతికినన్నాళ్ళూ ఆమె చెప్పింది అదే. చింతామణి కాలేజీలో ఆమె ఎదురుగా బెంచీల మీద కూర్చున్నవాళ్ళ తలకే అది ఎక్కకపోతే ఇక ఊరి తలకు ఏం ఎక్కుతుంది?

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వేల ఏళ్ళ కిందట, ఇప్పుడు ఇరాక్, టర్కీ అంటున్న నేల మీద జనం తడి మట్టి పలకల మీద పుల్లతో నొక్కి రాసుకునేవారు. చూడటానికి మేకులు పేర్చినట్టు ఉంటుంది ఆ లిపి. ఒప్పందాలు, తగాదాలు, ఇంటి జాబులు అన్నీ మట్టి మీదే. ఎమ్మే చదివే రోజుల్లో ఒక పుస్తకంలో ఆ పలక బొమ్మ చూసి మా మేడమ్ పిచ్చి పట్టించుకున్నారు. ఎక్కడో విదేశంలో ఉన్న ప్రొఫెసరుకు ఉత్తరాలు రాసి పాఠాలు తెప్పించుకున్నారు. తరవాత మ్యూజియంలు ఇంటర్నెట్టులో పెట్టిన ఫోటోలు చూస్తూ జీవితమంతా చదివారు.

“మన ఊళ్ళల్లో శాసనాలు లేవా మేడమ్, ఎవరిదో మన్ను మీకెందుకు?” అని స్టాఫ్ రూములో దెప్పేవారు. ఆమె నవ్వేవారు. “మనవి చదివేవాళ్ళు ఉండారు లేప్పా. ఈయమ్మ నాతో మాట్లాడతా ఉండాది, మధ్యలో లేచి రమ్మంటే ఎట్లా?”

ఈయమ్మ అంటే ఒక వర్తకుడి భార్య. ఆమె ఇంట్లో బట్ట నేయించి గాడిదల మీద దూరదేశం పంపేది, భర్త అక్కడ అమ్మేవాడు. ఆమె రాసిన జాబులు, అతను పంపిన జవాబుల నకళ్ళు అతని ఇంట్లో ఒకే గదిలో ఉండేవి. పండితులు అక్కడికి చేరకముందే ఎవరెవరో ఆ గదిని తవ్వి, పలకలను ఒక్కొక్కటిగా అమ్ముకున్నారు. పక్కపక్కన ఉన్న జాబులు తలా ఒక దేశం పాలయ్యాయి. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం మేడమ్ నవ్వేవారు కాదు. “పక్కదాన్నించి ఊడబెరికితే పలక సగం మూగదవుతుందమ్మా” అనేవారు.

ఆ గదిని మళ్ళీ కట్టడమే ఆమె పని. పేర్లు, చేతిరాత, మాటతీరు చూసి ఏ మ్యూజియంలో ఉన్న పలక ఆ గదిదో పట్టుకునేవారు. నమ్మకం కుదిరాక దానికి అచ్చంగా రెండు వైపులా రాతతో మట్టి నకలు చేసేవారు. ఇటుకల బట్టీ నుంచి మన్ను తెప్పించేవారు. పట్టుపురుగులు గూడు కట్టుకునే వెదురు తట్టను మా వైపు చంద్రిక అంటాం. విరిగిన చంద్రిక నుంచి చీల్చిన పుల్లే ఆమె కలం. మిగిలిన చంద్రికను ఇంట్లో బల్ల మీద పరిచి, దాని చుట్ల మధ్య పలకలను ఆ గదిలో ఉండి ఉంటాయనుకున్న వరసలో పేర్చేవారు.

క్లాసులో మా చేత కూడా మట్టి కలిపించేవారు. “సంగటి గెలికినట్టు గెలకండమ్మా, చేతికి అంటకూడదు” అనేవారు. మా పేర్లు నొక్కించి, చూసి, మెచ్చుకుని, వెంటనే మళ్ళీ ముద్ద చేయించేవారు. మేము గునిస్తే, నేర్చుకునే పలక నిలవకూడదని చెప్పేవారు. చదవడానికి కిటికీ పక్కన నిలబెట్టి, వెలుతురు ఎడమ నుంచి ఏటవాలుగా పడేటట్టు పలక పట్టించేవారు. ఎదురుగా వెలుతురు పడితే గీతలు కనబడవు. రెండో వైపు చూడాలంటే పేజీలా పక్కకు తిప్పకూడదు. దోసె తిరగేసినట్టు కింది నుంచి పైకి తిప్పాలి. సంగతి సగంలో ఉండగా అటువైపు పోతుంది కాబట్టి తిప్పడం తెలియనివాడికి జాబు తెలియదు.

ఒకరోజు పేరేసంద్రలో, నేను పనిచేసే బడిలో పాఠం చెప్తుండగా ఫోను చేశారు. “జవాబు దొరికిందమ్మా!” అప్పట్లో ఆమె ఆసుపత్రికి తిరుగుతున్నారు కాబట్టి డాక్టరు ఇచ్చిన రిపోర్టేమో అని నేను హడలిపోయాను. సాయంత్రం చింతామణి వెళ్తే వేడి వేడి ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టి, చంద్రిక దగ్గరికి లాక్కెళ్ళారు. ఆ భార్య జాబు నాకు ముందే తెలుసు. బట్ట అందిందో లేదో కూడా రాయవేం, ఇంట్లో ఉన్నది మనిషి కాదా అని అడుగుతుంది. ఆ మాటకు భర్త ఇచ్చిన జవాబు మరో ఖండంలో, వేరే మ్యూజియంలో దొరికింది. మేడమ్ దాని నకలు ఆమె జాబు పక్కన ఆనించి పెట్టారు.

“ఏమని రాశాడు మేడమ్?”

“మొదటి పక్కంతా బట్టల సంగతే. మొగోళ్ళు గదా! అసలు మాట ఎనక పక్కన ఉండాది. కోపం చేసుకోవద్దు, చలి పోతానే వస్తా అంటాడు.” చెప్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఇదంతా రాసి అచ్చు వేయండి అని ఎన్నిసార్లు పోరానో. “ఇంకా యాడో అనుమానం ఉండాది, తొందరేమి?” అనేవారు. ఈ ఒక్క విషయంలో ఆమె మీద కూడా నాకు కోపమే. కాగితం మీద ఏమీ పెట్టలేదు. ఆ చంద్రికే ఆమె పుస్తకం.

ఇక ఆమె సంతాప సభ సంగతి. మా జిల్లాలో ఎవరినీ వేదిక మీద నుంచి ఒట్టి చేతులతో దింపరు. శాలువా, హారం, పండ్ల బుట్ట, కన్నడంలో నెనపిన కాణికె అనే ఒక జ్ఞాపిక. రిటైరైన రోజు మేడమ్‌కి ఇచ్చిన జ్ఞాపికను ఆమె వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. ఆమె పోయాక పాత విద్యార్థులు చింతామణిలో సంతాప సభ పెట్టారు. సంతాపం కాబట్టి హారాలు మానేశారు. అక్కడికి ఆగిపోయినా బాగుండేది.

ఉపన్యాసాలయ్యాక అతిథులకు ఫ్రేములు పంచారు. ఎర్ర మఖమల్ గుడ్డ, బంగారు అంచు. మధ్యలో గమ్ముతో అతికించిన మట్టి పలక! వేదిక మీద ఉన్న పెద్దలు ఒక్కొక్కరూ ఫ్రేము ఎత్తి పట్టుకుని ఫోటోలకు నవ్వుతున్నారు. కెమెరా వెలుగు ఎదురుగా కొట్టడంతో పలక మీద ఒక్క గీతా కనబడటం లేదు. నేను కుర్చీలు తోసుకుంటూ కార్యదర్శి దగ్గరికి పోయాను. ఇతను నాకంటే చిన్న బ్యాచి, ఇప్పుడు కంట్రాక్టులు చేస్తాడు.

“ఏమప్పా ఇది? ఇవి యాడనుంచి తెచ్చినారు?”

“మేడమ్ ఇంటి నుంచే అక్కా. వాళ్ళ చెల్లెలే తీసుకోండని ఇచ్చింది. మేడమ్ చేత్తో చేసిండేవి. ఇంతకన్నా మంచి నెనపిన కాణికె యాడ దొరుకుతాది?”

“ఎనక పక్క రాత ఉండాది చూసినావా?”

“ఎనక పక్కా?” అన్నాడు. ముఖం వాడిపోయింది. “అట్లా అని ఎవురన్నా చెప్పొద్దా అక్కా?”

“ఆయమ్మ బతుకంతా చెప్పిందేమప్పా మరి? చెదరగొట్టొద్దు, విడదీయొద్దు అని గొంతు పోయేదాకా చెప్పింది గదప్పా!”

అతను అక్కడే ఏడ్చేశాడు. ఆమె మీద నిజంగా ప్రేమ ఉన్నవాడు. అదే నన్ను ఇంకా మండించింది. దొంగలు తవ్వి అమ్ముకున్నారంటే అర్థముంది. మనం చేతులు జోడించి, దీపం వెలిగించి, శాలువా కప్పి మరీ చెదరగొట్టాం. దేశాలు దాటి ఆమె కలిపిన ఇంటిని, ఆమె పేరు చెప్పి, ఆమె ఫోటో ముందే ముక్కలు చేసి పంచుకున్నాం.

మరునాటి నుంచి అతని కారులోనే ఇంటింటికీ తిరిగాం. బాగేపల్లిలో ఒకాయన టీవీ పక్కన పెట్టుకున్న ఫ్రేమును విన్నవెంటనే తీసి ఇచ్చి, “తప్పయిపోయిందమ్మా, మాకేం తెలుసు” అన్నాడు. చాలామంది అలాగే ఇచ్చారు. కాల్చని మట్టి కాబట్టి గమ్ము తడిపితే పలకే కరిగిపోతుంది. మా ఇంటి దగ్గర పట్టు తీసేవాళ్ళను అడిగి దారం తెచ్చి, పలకకూ గుడ్డకూ మధ్య దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతూ మెల్లగా కోశాం. పలకలు వచ్చాయి. వెనక రాతల సందుల్లో ఎర్రని నూగు మిగిలిపోయింది.

ఒక్కటి మాత్రం రాలేదు. అది చిక్కబళ్ళాపురంలో ఒక నాయకుడి హాలులో ఉంది. షోకేసులో వరసగా పేర్చిన జ్ఞాపికల మధ్య ఆ భర్త జవాబు. నేను అంతా విడమరచి చెప్పాను. ఆయన సోఫాలోంచి కదలలేదు.

“సభలో ఇచ్చింది మల్లా అడిగేకొచ్చినారా? ఇదేం మర్యాదమ్మా? కావల్లంటే ఇంకొకటి చేపించుకోండి.”

చేయించుకోవాలట! మూలపలక ఫోటో ఇంటర్నెట్టులో ఎక్కడో వేల ఫోటోల మధ్య ఉంది. ఏది ఏదో చెప్పగలిగిన మనిషిని మొన్న కాల్చి వచ్చాం. అయ్యా, మీ ఇంటికి ఈ పత్రిక వస్తే, లేచి షోకేసు దాకా నడవండి. అది బొమ్మ కాదు. ఒక ఇల్లాలు అడిగిన మాటకు జవాబు. అందులో ముఖ్యమైన మాటను మీరు గుడ్డ వైపు తిప్పి పెట్టుకున్నారు.

చంద్రిక ఇప్పుడు మా బడిలో, తూర్పు కిటికీ దగ్గర ఉంది. పలకలు ఉన్నచోట వెదురు మీద మట్టి మరక పడి ఉంది కాబట్టి ఏది ఎక్కడో మరక చూసి పేర్చగలిగాను. పొద్దున ఎండ ఎడమ నుంచి పడినప్పుడు భార్య జాబులో గీతలన్నీ లేచి నిలబడతాయి. పిల్లలు వచ్చి చూస్తారు. ఆనుకోవడానికి పక్కన ఏమీ లేక ఆ పలక రోజూ కాస్త పక్కకు ఒరుగుతుంది. నేను రోజూ సరిచేసి నిలబెడతాను. ఎండ దాన్ని దాటి, పక్కనున్న ఒట్టి మరక మీదికి జరుగుతుంది.