గోడ మీది గారెలు

పోయిన వారం మా ఫ్లాటులో ఎలుక దూరింది. మూడో అంతస్తుకు ఏ గొట్టం పట్టుకొని పాకి వచ్చిందో తెలియదు గాని, బట్టలుతికే మిషను వెనక కాపురం పెట్టి, ఇంటర్నెట్ వైరు కొరికి, ఇంట్లో కూర్చొని ఉద్యోగం చేసుకునే మా అబ్బాయి పని ఒక పూటంతా ఆపేసింది. ఇక చూడాలి మా ఇంట్లో హడావుడి. మా కోడలు వంటింటి నడిమధ్యలో నిలబడి, ఫోనులో ఎలుకలు పట్టే కంపెనీ వాళ్ళతో, మందు పెడతారా, జిగురు అట్టలు పెడతారా, ఎన్ని రోజుల్లో అన్నీ చస్తాయి అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంటే, నాకు తెలియకుండానే నా చూపుడువేలు పెదవుల మీదికి పోయింది. ఆమె మాట ఆపి, ఏమైంది అత్తమ్మా అని అడిగింది. ఏమని చెప్పను? మెల్లగా మాట్లాడు తల్లీ, అవి వింటాయి అని చెప్పనా? ఉద్యోగమంతా బడిపిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఏం లేదని చెప్పి నా గదిలోకి వచ్చి కూర్చున్నాను.

మన ఈడువాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఎలుకలను చంపే మాట ఇంట్లో పైకి అనకూడదు. అంటే అవి వింటాయి, విని పగబడతాయి, పగబట్టి ఇంట్లో ఉన్న బట్టల్లో అన్నిటికన్నా మంచిది ఏదో వెతికి మరీ కొరుకుతాయి. కోదాడలో మా పుట్టింట్లో కూడా ఈ మాట ఉండేది గాని, సగం నవ్వులాటగా ఉండేది. సూర్యాపేటలో మా అత్తవారింట్లో మాత్రం ఇది చట్టం. ఆ చట్టాన్ని అమలు చేసేది మా తోడికోడలు, మా బావగారి భార్య. నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని, ఇప్పటికీ అంతే. అక్క ఇంట్లో ఎలుకలకు ఆ పేరే లేదు, వాటిని చుట్టాలు అనాలి. రాత్రి చుట్టాలొచ్చిన్రు అంటే మేమంతా బియ్యం డబ్బాల మూతలు చూసుకునేవాళ్ళం. మా మామగారు ఇంకో మెట్టు ఎక్కి, బోనును పల్లకి అనేవారు. పల్లకి పంపుదామా అని ఆయన అరుగు మీద నుంచి అడిగితే, వీధిలో పోయేవాళ్ళు మా ఇంట్లో పెళ్ళి కుదిరిందనుకొని ఆగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ ఇల్లు పెంకుటిల్లు. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు కాబట్టి ఇంటి పెత్తనం అక్కదే. బావగారు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేవారు, వచ్చేటప్పుడు గేదెకు ఒక తవుడు బస్తా వేసుకొచ్చేవారు. మా ఆయనది హుజూర్‌నగర్‌లో గుమాస్తా కొలువు, నాది ఆత్మకూరులో పంతులమ్మ ఉద్యోగం. తెల్లారితే ఇద్దరం చెరో బస్సు ఎక్కేవాళ్ళం, మా ఇద్దరి టిఫిన్ గిన్నెలూ అక్కే సర్దేది. నాకు మొదటి కడుపు నిలవకపోతే, నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ రోజుల్లో, నా తల దువ్వి, నోట్లో ముద్ద పెట్టి నన్ను మనిషిని చేసింది కూడా ఆమే.

అట్లాంటి ఇద్దరం ఎందుకు కొట్లాడుకున్నామో ఇప్పుడు అడిగితే ఇద్దరం రెండు రకాలుగా చెబుతాము. పెరుగు దగ్గర వచ్చిందంటుంది ఆమె. కాదు, పొంగిపోయిన పాలగిన్నె దగ్గర అని నాకు గుర్తు. ఏదైతేనేం, ఆమె నన్నొక మాట అన్నది, నేను ఆమెను రెండన్నాను, ఆ తర్వాత ఇద్దరం మూతులు ముడుచుకున్నాం. మగవాళ్ళు సర్దిచెప్పబోయి ఇంకాస్త చెడగొట్టారు. చివరకు మామగారు విసుగెత్తి, రెండు పొయ్యిలు పెట్టుకోండి అని తీర్పు చెప్పి, పొడుగాటి వంటింటికి అడ్డంగా ఇటుకగోడ కట్టించారు. గోడ మనిషెత్తు మాత్రమే లేచింది, ఆ పైన పెంకుల దాకా ఖాళీ. ఇంకొంచెం కట్టించమని మేమిద్దరం వేరువేరుగా అడిగాం గాని, ఇది చాలు పొమ్మన్నారు ఆయన. ఆ ఖాళీలోంచి అక్క పోపు వాసన నాకు, నా మాడిన కూర వాసన ఆమెకు రోజూ అందుతూనే ఉండేది, మాట మాత్రం అందేది కాదు.

సరిగ్గా ఆ చలికాలమే చుట్టాలు దండెత్తాయి. చుట్టుపక్కల వరి కోతలయ్యాక అవి ఊళ్ళోకి వస్తాయి, మా ఇంట్లో తవుడు బస్తా కూడా ఉన్నది కాబట్టి మరీ సంబరంగా వచ్చాయి. అక్కవైపు బోను పెడితే నావైపు దూకేవి, నావైపు కన్నాలు పూడిస్తే ఆమెవైపు పోయేవి. కావాలనే నా మీదికి తోలుతున్నదని నేనూ, నేనే తోలుతున్నానని ఆమే అనుకున్నాము. మామూలు కాపురాల్లో అయితే ఒక మాట అనుకొని ఇద్దరూ ఒకే రోజు బోన్లు పెట్టేవాళ్ళు. మాకు అసలు మాటే లేదు, పైగా ఈ విషయం పైకి మాట్లాడకూడదన్న కట్టడి ఒకటి. అవి మాత్రం ఆ గోడ పైఅంచును బస్సురోడ్డు చేసుకొని దర్జాగా అటూ ఇటూ తిరిగేవి.

నాకు మళ్ళీ నెల తప్పింది ఆ రోజుల్లోనే. ఈసారైనా నిలుస్తుందో లేదో అని ప్రతి అడుగూ భయం, బస్సు కుదుపుకు భయం, తుమ్మితే భయం. ఎవరికీ చెప్పుకోలేదు గాని, కడుపు కనపడే వేళకు అక్కకు ఎట్లాగూ తెలిసిపోయింది. నా గుమ్మం ముందు నుంచి పోతూ ఒకసారి నా కడుపువైపు చూసి, ఏదో అనబోయి, అనకుండా పోయింది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

ఒక శనివారం సాయంత్రం ఇంకా పొద్దుండగానే బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, గోడ అవతలి నుంచి బొబ్బర్ల గారెల వాసన వచ్చింది. బావగారు వచ్చే రోజు కదా, వండుతున్నది. కడుపుతో ఉన్నవాళ్ళకు వాసన తగిలితే ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. ప్రాణమంతా ముక్కులోకి వచ్చి కూర్చుంది. నోరు తెరిచి అడగడానికి ఉక్రోషం అడ్డం, ఊరుకుందామంటే నోరూరడం ఆగదు. మంచినీళ్ళు తాగి చూశాను, లాభం లేకపోయింది. కాసేపటికి వంటింట్లోకి పోయి చూస్తే గోడ మీద మోదుగాకు దొప్ప ఒకటి కనపడింది. దొప్ప అంచు మీదుగా ఎర్రగా వేగిన గారె తొంగిచూస్తున్నది.

అప్పుడు నా మనసులో కదిలిన ఆలోచన ఇప్పటికీ బాగా గుర్తుంది. గిన్నెలో పెడితే నేను గిన్నె తిరిగి ఇవ్వాలి, ఇవ్వాలంటే మాట కలపాలి, ఆ ఇబ్బంది లేకుండా అక్క దొప్పలో పెట్టింది అనుకున్నాను. కడుపుతో ఉన్న మనిషికి వాసన తగిలిందని తెలిసి ఉండబట్టలేక పెట్టింది, మా అక్క ఎంతైనా మా అక్కే అనుకున్నాను. కళ్ళు తుడుచుకొని, పీట లాక్కొని, దానిమీద జాగ్రత్తగా నిలబడి చెయ్యి పైకి చాపి గారెను అందుకున్నాను.

అక్కకు అవతలి నుంచి నేను కనపడలేదు. గాజులున్న నా చెయ్యి ఒక్కటే గోడ మీద కనపడింది. అప్పుడు వేసింది కేక.

"ఓ చెల్లే! ముట్టకే! ఎలుకల మందున్నది గండ్ల! ఎలుకల మందే, ఓ చెల్లే!"

గారె నా నోటి దాకా వచ్చి ఉంది. చేతిలోంచి జారి పడిపోయింది. పీట మీదే గోడ పట్టుకొని నిలబడిపోయాను. ఆమె అటువైపు తలుపులోంచి వీధిలోకి ఉరికి, మామగారిని దాటుకొని ఇటువైపు తలుపులోంచి వచ్చేదాకా ఆ కేక ఆపలేదు. ఆ మాట మా వాకిట్లోనే కాదు, మా వీధి మొత్తానికీ వినపడింది. వచ్చీరాగానే నన్ను పీట మీంచి దించి, దవడలు పట్టుకొని నోరు తెరిపించింది.

"కొరికినవా? నిజం చెప్పు. కొంచెమన్న నోట్లెకు పోయిందా?"

లేదక్కా, ఇంకా పెట్టుకోలేదు అంటే నమ్మలేదు. నోరు కడిగించింది, పుక్కిలింపించింది, నా రెండు చేతులూ బూడిద పెట్టి, సబ్బు పెట్టి, మళ్ళీ బూడిద పెట్టి తోమింది. ఆ తోముడుకు గాజులు కూడా పగిలాయి. అప్పుడు కింద కూలబడి భోరున ఏడ్చింది. తన పిల్లలకు అందదని గోడ మీద పెట్టిందట, గిన్నెకు మందు అంటుతుందని దొప్పలో పెట్టిందట. గారెను చీల్చి లోపల నల్లటి పొడి కూరి, ఎప్పటిలాగే ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. చెప్పకూడదు కదా మరి.

ఏడుపు ఆగాక నా ముఖం చూడకుండా, నేలవైపు చూస్తూ అన్నది.

"నీకని తీసిన గారెలు గాడ మూతకింద ఉన్నయి. ఎట్ల ఇయ్యాల్నో తెల్వక కూసున్న."

నిజంగానే తీసిపెట్టిందో, ఆ గడియలో నోటికి వచ్చి అన్నదో నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో ఆమె పక్కన కూర్చొని కడుపునిండా తిన్నాను. బావగారు తవుడు బస్తాతో గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరినీ చూసి, బస్తా దించడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేనీ సంగతి రాసేదాన్ని కాదు. కొన్నాళ్ళకు అక్క ఏదో పెళ్ళికి పోదామని ట్రంకుపెట్టె తెరిస్తే, ఆమె పెళ్ళి పట్టుచీర కుచ్చిళ్ళ దగ్గర జల్లెడలా ఉన్నది. పెట్టె మూల తుప్పుపట్టి కన్నం పడింది, అందులోంచి దూరాయి. ఆమె పుట్టింటి నుంచి వచ్చిన ఒకే ఒక్క పట్టుచీర అది. ఒడిలో పరుచుకొని, ఒక్కో చిల్లులోంచి వేలు పెట్టి చూసుకుంటూ చాలాసేపు ఏడ్చింది. నావల్లే కదక్కా ఇట్లా అయింది అన్నాను.

"ఇంటయని తెల్వదా నాకు? తెలిసే ఒర్లిన. పోతె పోనియ్యే. చీర కడుపుల తంతదా?"

ఎలుక పళ్ళు పెరుగుతూనే ఉంటాయని, అరగదీసుకోవడానికి దొరికిందల్లా కొరుకుతుందని, దానికి మన భాషా తెలియదు, పగా తెలియదని అప్పటికే ఎన్నో తరగతులకు చెప్పి ఉన్నాను. అక్కకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆమె నాకోసం పోగొట్టుకున్న చీర ఉత్తగా ఎలుకలు కొరికిన చీర అయిపోయేది. నమ్మకం తప్పా ఒప్పా అన్నది వేరే లెక్క. ఆ కేక పెట్టేటప్పుడు ఏం పోతుందో ఆమెకు తెలుసు, తెలిసీ క్షణం కూడా ఆగలేదు.

తర్వాత ఇద్దరం కలిసి ఒకే రోజు రెండువైపులా పల్లకీలు పెట్టాము, తవుడు బస్తాను మామగారు గేదె కొట్టంలోకి మార్పించారు, చుట్టాలు తగ్గిపోయాయి. రెండు పొయ్యిలు అట్లాగే ఉండిపోయాయి గాని, గోడలోంచి నాలుగు ఇటుకలు తీయించి, గిన్నె పట్టేంత కంత పెట్టించుకున్నాము. మా అబ్బాయి పుట్టి, పురుడు రోజు వస్తే, అక్క ఆ పట్టుచీరలో బాగున్న ముక్క ఏరి, వాడికి చిన్న చొక్కా కుట్టి తెచ్చింది. చంక కింద ఒక చోట ఎలుక కొరికిన చిల్లు తప్పలేదు, దానికి మాటు వేసింది. ఆ చొక్కా తొడుక్కున్నవాడే పోయిన వారం వైరు తెగిందని ఇల్లు పీకి పందిరి వేసినవాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు పోయింది. మామగారూ, బావగారూ, మా ఆయనా ఒకరి తర్వాత ఒకరు పోయారు. అక్క మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నది, చెవులు సరిగా వినపడవు, ఫోనులో ఒకటి చెబితే ఒకటి వింటుంది. మొన్న ఉండబట్టలేక ఆమెకు ఫోను చేసి, అక్కా, మా ఇంటికి చుట్టాలొచ్చారు అన్నాను. ఈ ఒక్క మాట ఎట్లా వినపడిందో, వెంటనే గొంతు తగ్గించింది.

"మెల్లగనే. పట్టుచీరెలు ఏడ వెట్టినవ్?"

ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను, నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మా కోడలు పిలిపించిన మనుషులు మర్నాడు వచ్చి, గ్లోవ్స్ వేసుకొని, మూలమూలకూ జిగురు అట్టలు పెట్టి, ఏ మందు ఎక్కడ పెట్టారో ఆమెకు గట్టిగా చెప్పి, సంతకం పెట్టించుకొని పోయారు. అంతా మర్యాదగా, పద్ధతిగా జరిగింది, ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. వాళ్ళు పోయాక వంటింట్లో టీ పెట్టుకుంటూ గోడవైపు చూశాను. దాని అవతల కూడా వంటిల్లే ఉన్నది. ఎవరో కాపురం ఉంటున్నారు, వాళ్ళ పేర్లు నాకు తెలియవు, వాళ్ళ పోపు వాసన కూడా ఎన్నడూ ఇటు రాలేదు. గోడ నున్నగా, తెల్లగా పైకప్పు దాకా ఉన్నది. అటువైపు నుంచి నాకోసం ఎవరైనా ప్రాణం పోయేటట్టు ఒర్లినా, ఇటు నాకు వినపడదు.